చికిత్స ముగిసిన పిమ్మట

(విశ్వావసు నామ సంవత్సర ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడుమని కోరినప్పుడు బస్తరు సీమతో తెలుగువారికి గల సంబంధమును గురించి యేదైన చెప్పుడనిరి. కాకతీయుల అనంతరము అన్నమదేవుడు ఓరుగల్లు విడిచి ఆ యడవులలో రాజ్యము స్థాపించిన కథయు, జగదల్‌పురపు దసరా వైభవమును చెప్పినచో సభవారికి ఆనందముగ నుండునని వారి తలంపు. అవి చెప్పుటకు నాకన్న పండితులు మనలో గలరు. నేను తపాలా శాఖలో చిరుద్యోగిని. స్వానుభవము వలన నాకు తెలిసిన విషయ మొక్కటి యున్నది. అది కాన్సరు వ్యాధికి చికిత్స ముగిసిన తరువాతి జీవితము. పండుగనాడు ఈ ప్రస్తావన యేలయని ఒకరిద్దరు సభ్యులు సందేహించిరట. నా మాటలలో వ్యాధికన్న పండుగలే యెక్కువగ నుండునని వాగ్దానము చేసి అనుమతి పొందితిని. ఆ మాట నిలుపుకొనుటకు ప్రయత్నించెదను.

నేను పనిచేయుచున్న ఆవపల్లి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, 2007లో ఏర్పడిన బీజాపూరు జిల్లాలో, ఉసూరు పోవు దారిలో నున్నది. ఆ పేరు విన్నంతనే మనవారి ముక్కునకు ఆవపిండి ఘాటు తగులును. అచ్చట గోండీ, దోర్లీ, హల్బీ, హిందీ భాషలు వినవచ్చును. సంతలో తెలుగు మాటలాడినను బేరము చెడదు. సమీపమున బాసాగూడ మీదుగ పారు తాలిపేరు నది దక్షిణముగ దిగి, తెలంగాణములో చర్ల వద్దకు వచ్చి, గోదావరిలో కలియును. నీటి దారియే రోగుల దారి కూడ. ఆ ప్రాంతమున జ్వరము ముదిరినవారు చర్లకో, భద్రాచలమునకో పోవుదురు. అంతకన్న పెద్ద కష్టము వచ్చినవారు బీజాపూరు, భోపాలపట్నం, వాజేడు మీదుగ వచ్చి, ముల్లకట్ట వంతెనపై గోదావరి దాటి, ఏటూరునాగారము, ములుగు, వరంగల్లు గడచి హైదరాబాదు చేరుదురు. 2022వ సంవత్సరపు వర్షాకాలమున నేనును ఆ దారినే వచ్చితిని.

వ్యాధి వచ్చిన విధము చెప్పుకొనుటకు సిగ్గుగ నున్నది. పూర్వము నేను రాత్రివేళల ఉత్తరములు విడదీయు పనిలో నుంటిని. నిద్ర ఆపుకొనుటకు ఖైనీ నలిపి ఎడమ బుగ్గలో పెట్టుకొనుట అలవాటయ్యెను. పని మారినను అలవాటు మారలేదు. అది 19 ఏండ్లు సాగినది. బుగ్గ లోపల తెల్లని మచ్చ కనబడినప్పుడు పూత యనుకొంటిని. అది పుండై, మిరపకాయ తగిలిన భగ్గున మండుచుండగ కూడ మూడు నెలలు ఉపేక్షించితిని. మన పెద్దలు రాచపుండని పేరెత్తుటకే భయపడెడి వ్యాధి యది. శస్త్రచికిత్స జరిగెను. పిమ్మట వారమునకు 5 దినముల చొప్పున 6 వారములు, మొత్తము 30 పర్యాయములు కిరణచికిత్స నిచ్చిరి. కదలకుండుటకై ముఖమునకు అచ్చుగ పోసిన వలవంటి తొడుగు నొకదానిని తొడిగి, బల్లకు బిగింతురు. లోపలనున్నవానికి ఆ కొలది నిమిషములు చాల దీర్ఘములు. ఇంతకన్న దీనిని గురించి చెప్పను. చికిత్సను గురించి చెప్పువారు, వ్రాయువారు చాలమంది గలరు. అది ముగిసిన మరునాటి ఉదయమును గురించి చెప్పువారు తక్కువ.

2023 ఫిబ్రవరిలో ముప్పదియవ పర్యాయము ముగిసినది. తొడుగు విప్పిన యువకుడు "ఇక రానక్కర లేదు, బాబాయిగారూ" అనెను. ఆ మాటకై ఆరు వారములు వేచియుంటిని. తీర వినిన తరువాత నాకు ఆనందము కలుగలేదు. మెట్లపై కూర్చుండి పోతిని. నా భార్య "నొప్పిగ నున్నదా?" అని యడిగినది. లేదంటిని. నిజమునకు నాకు భయము వేసినది. అంతవరకు ప్రతిదినము ఎవరో యొకరు నా నోరు తెరచి చూచుచుండిరి. రేపటినుండి చూచువారు లేరు. వ్యాధితో పోరుటకు యంత్రములు, మందులు, వైద్యులు ఒక ప్రక్కన నుండిరి. ఇప్పుడు ఒక కాగితము నా చేతికిచ్చి అందరును తమ పనులలో పడిపోయిరి. అది వారి తప్పు కాదు. వరుసలో నా వెనుక నలుబది మంది వేచియుండిరి.

ఇచ్చట ఒక గంట కథ చెప్పవలెను. అమెరికా నౌకాదళమున రియర్ అడ్మిరల్ పదవిలో నుండిన ఇర్వ్ లె మోయిన్ అను నతనికి తలమెడల భాగపు కాన్సరు వచ్చెను. 1996లో అతడు హ్యూస్టను నగరమందలి ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రిలో కిరణచికిత్స పొందెను. పని పూర్తియైనదనుటకు గంట కొట్టుట నౌకాదళపు ఆచారము. చివరి దినమున అతడు ఒక ఇత్తడి గంటను తెచ్చి మ్రోగించి, దానిని అచ్చటనే విడిచి వెళ్లెను. ఆ యాచారము అనేక దేశముల ఆసుపత్రులకు ప్రాకినది. ఇప్పుడు మన దేశమున కూడ కొన్నిచోట్ల చికిత్స ముగిసిన రోగి గంట మ్రోగించుటయు, చుట్టునున్నవారు చప్పట్లు చరచుటయు చూడవచ్చును. ఆ అడ్మిరల్ మరుసటి సంవత్సరమే మరణించెను.

2019లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వైద్యులు ఈ గంటను గురించియే ఒక పరిశీలన ప్రకటించిరి. సుమారు 200 మంది రోగులను విచారింపగ, గంట మ్రోగించినవారు మ్రోగించనివారికన్న తమ చికిత్సాకాలపు బాధను ఎక్కువ తీవ్రమైనదిగ చెప్పిరట. మేలు చేయుననుకొన్నది అట్లు తేలుట ఆ వైద్యులకే ఆశ్చర్యము కలిగించినది. నాకు మాత్రము ఆశ్చర్యము లేదు. గంట "అయిపోయినది" అని చెప్పును. రోగి గుండె "అయినదా?" అని యడుగును. ఆ రెంటికిని పొసగదు. మా ఆసుపత్రిలో గంట లేదు. ఉన్నచో అందరితో పాటు నేనును మ్రోగించెడివాడనే యనుకొందును.

ఆవపల్లికి తిరిగి వచ్చునప్పటికి నా బరువు 68 కిలోలనుండి 51కి దిగినది. చొక్కా కొయ్యకు తగిలించినట్లుండెడిది. నోరు రెండు వ్రేళ్లు కూడ పట్టనంతగ బిగిసికొని పోయినది. లాలాజలము ఇంకిపోయినది. రుచి యన్నది పూర్తిగ మాయమైనది. నాలుకపై రుచిని గ్రహించు కణములు సాధారణముగ రెండు వారములలోపుననే పాతవి పోయి క్రొత్తవి వచ్చుచుండునట. కిరణములు తగిలిన నాలుకపై ఆ పునరుద్ధరణము చాల మందగించును. కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదియు పట్టును. ఇది నాకు ముందే చెప్పిరి. చెప్పిన మాట వేరు, అన్నము ముద్ద మన్నువలె నోటిలో తిరుగుట వేరు.

ఆ సంవత్సరము శోభకృత్ ఉగాది మార్చి 22వ తేదీన వచ్చినది. ఆవపల్లిలో వేపపూవునకును, క్రొత్త చింతపండునకును కొదువ లేదు. నా భార్య యథావిధిగ పచ్చడి చేసి, ఒక చుక్క నా నాలుకపై నుంచినది. షడ్రుచులలో నొక్కటియు తెలియలేదు. మంట మాత్రము తెలిసినది. నేను లేచి పెరటిలోనికి పోతిని. ఆమె మిగిలిన పచ్చడిని ఏమి చేసినదో నేడు కూడ నే నడుగలేదు.

మా కార్యాలయమున ఉత్తరములు మోయు పెద్దాయన యొకడు గలడు. దోర్ల కులమువాడు, తెలుగు చక్కగ మాటలాడును. ఆయన నన్ను "సారూ" అని పిలుచును, నేనాయనను "తాతా" అందును. ఏప్రిలులో ఒకనాడు ఆయన సంచి దించి నాతో అనినదిది: "సారూ, రేపు మా గూడెంలో మామిడి పండుము. రారాదు?"

పండుము అనగ మన పండుగయే. మాటలోనే చుట్టరికము తెలియుచున్నది. బస్తరు గోండులలోను, గోదావరి కీవల కోయలలోను భూమినుండి వచ్చు ప్రతి క్రొత్త వస్తువునకును ఒక పండుము గలదు. విత్తనము చల్లుటకు ముందొకటి, ఇప్పపూవునకొకటి, క్రొత్త వడ్లకొకటి, మామిడికాయకొకటి. గోండీలో మామిడి పండుగను మర్కా పండుము అందురు. చెట్టునిండ కాయలు వ్రేలాడుచున్నను, ఆ దినము వచ్చువరకు ఇంటిలోనివారు క్రొత్త కాయను నోట పెట్టరు. ఊరి పూజారి గ్రామదేవతకును, గతించిన పెద్దలకును నివేదించిన పిమ్మటనే తినుట. మన ఆంధ్ర మన్యమున కొత్తల పండుగ యనునదియు ఇట్టిదే.

వెళ్లితిని. చెట్టు క్రింద చిన్న చిన్న ముక్కలుగ కోసిన పచ్చిమామిడిని అందరికి పంచిరి. నాకు నోరు తెరచుకొనదని తాతకు తెలియును. ఒక ముక్కను నా అరచేతిలో నుంచి, "తినకున్నా యేం కాదు సారూ, పట్టుకో" అనెను. పట్టుకొంటిని. వాసన మాత్రము చూచితిని. వచ్చుచు దారిలో నేనొక ప్రశ్న వేసితిని: "తాతా, పంట యంతయు చేతికి రాలేదు గదా. గాలివాన వచ్చి రేపే కాయలన్నియు రాలిపోవచ్చును. ఇంత తొందరగ పండుగ యేల?"

ఆయనకు నా ప్రశ్న అర్థమైనట్లు లేదు. కొంత దూరము నడచి, "వచ్చిన కాయకు చేత్తం సారూ. రాని కాయకు యెట్ట చేత్తం?" అనెను.

నేను ఆ మాటను ఇంటికి మోసికొని పోతిని. రెండేండ్లుగ మోయుచునే యున్నాను.

నోరు బిగిసికొనకుండుటకు వైద్యులు నాకొక వ్యాయామము చెప్పియుండిరి. ఐస్‌ఫ్రూటు పుల్లలను కట్టగ పేర్చి పండ్ల నడుమ నుంచుకొని, క్రమముగ ఒక్కొక్క పుల్లను చేర్చుచు పోవలెను. ఒక్కొక్క పుల్ల మందము సుమారు 2 మిల్లీమీటర్లు. ఆరోగ్యవంతుని నోరు 35 మిల్లీమీటర్లకు తక్కువ గాకుండ తెరచుకొనును. నాకు తొలిదినమున 9 పుల్లలు పట్టినవి. నొప్పికి కన్నీరు కారుచుండెడిది. పది దినములు చేసి మానితిని. మామిడి పండుము నాటి రాత్రి మరల తీసితిని. 9 పుల్లలే. మే నెలలో ఒక సాయంకాలము పదియవ పుల్ల దూరినది. నా భార్య వంటయింటిలో నుండెను. మాటలాడుటకు నోరు ఖాళీగ లేదు. పళ్లెముపై గరిటెతో మ్రోగించితిని. ఆమె పరుగున వచ్చి, లెక్క పెట్టి, ఏమియు అనకుండ లోనికి పోయి, పాలలో సేమియా వండి తెచ్చినది. నాకు దాని తీపి తెలియలేదు. అయినను గిన్నె ఖాళీ చేసితిని. మా ఇంటి మొదటి పండుము అదియే.

ఈ పద్ధతికి ఆమె మొదట ఒప్పుకొనలేదని కూడ చెప్పవలెను. "బాగున్నదని పైకి అనకుడు. దిష్టి తగులును. అయిదేండ్లు గడవనీయుడు, అప్పుడే సత్యనారాయణ వ్రతము చేసికొందము" అని ఆమె వాదము. మన ఇండ్లలో చాలమంది ఇట్లే తలంతురు. అది మూఢత్వమని నేననను. సంతోషించిన పిమ్మట కోల్పోయిన బాధ ద్విగుణమగునన్న భయమే దిష్టి యను పేరుతో తిరుగుచుండును. తాత మాట ఆమెకు చెప్పితిని. ఆమె సగము ఒప్పుకొన్నది. పండుము చేయవచ్చును గాని ఇరుగుపొరుగులకు చెప్పరాదని సంధి కుదిరినది. నేడు ఈ వేదికమీదనుండి ఆ సంధిని ఉల్లంఘించుచున్నాను. ఆమె మూడవ వరుసలోనే యున్నది.

పండుములు ఎన్నియైనవో లెక్క చెప్పి మీకు విసుగు పుట్టింపను. ఉప్పు తెలిసిన దినమొకటి. రాత్రి నీళ్లచెంబు కొరకు లేవకుండ నాలుగు గంటలు నిద్రించిన దినమొకటి. గడ్డపు వెండ్రుకలు కుడివైపున మొలచిన దినమొకటి. ఎడమవైపున నేటికిని మొలవలేదు, క్షౌరమునకు సగము ఖర్చని నేను సంతోషించుచుందును. సంతలో చింతపండు, ఇప్పపూవు కొను వర్తకుని కాటా మీద నా బరువు చూచుకొనుట ఒక వినోదమైనది. జూలైలో ఆ కాటా 53 కిలోలు చూపినప్పుడు వర్తకుడు "సారు ధర యెంత?" అని చమత్కరించెను. చుట్టునున్న గూడెములవారు నవ్విరి. ఆ సంతలో నన్ను చూచి జనులు నవ్వుట చాలకాలమునకు. అంతవరకు నన్ను చూచి తలలు వంచుకొనుచుండిరి.

ఇట్లుండగ 2023 సెప్టెంబరులో ఎడమ దవడ క్రింద ఒక గడ్డ చేతికి తగిలినది.

ఈ వ్యాధి మరల వచ్చునెడల ఎక్కువగ మొదటి రెండేండ్లలోనే వచ్చును. అందుచేతనే ఆ కాలమున పరీక్షలు దగ్గరదగ్గరగ పెట్టుదురు. నాకా సంగతి తెలియును. మరునాడే బయలుదేరితిమి. వంతెనపై గోదావరి నిండుగ పారుచున్నది. పుల్లలు, పాయసములు, కాటాలు అన్నియు నాకప్పుడు చిన్నపిల్లల ఆటలవలె కనబడినవి. నన్ను నేనే మోసగించుకొంటినా? ఆసుపత్రిలో సూదితో గడ్డనుండి కొంత తీసి పరీక్షకు పంపిరి. ఫలితము నాలుగు దినములకు వచ్చునని చెప్పిరి. బసలో గోడవైపు తిరిగి పండుకొంటిని.

ఆ నాలుగు దినములలో నా తలలో తిరిగిన కథ యొకటి మీకు చెప్పవలెను. అది మన తెలుగువాని కథ. భీమవరములో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మనమందరము విన్నదే. స్ప్రూ యను గ్రహణి జాతి వ్యాధి వలన సోదర వియోగము పొంది, తానును ఆ వ్యాధితో బాధపడి, అమెరికా వెళ్లి, లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనాధిపతియైన మహనీయుడు. ఆయన ఆధ్వర్యవమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిరి. దానికి విరోధముగ పనిచేయు అమినోప్టెరిన్ మొదలగు పదార్థములును అచ్చటనే తయారైనవి. 1947 చివర బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఆ అమినోప్టెరిన్‌ను రక్తపు కాన్సరుతో మరణోన్ముఖులై యున్న పిల్లలకు ఇచ్చెను. అంతవరకు ఆ వ్యాధికి మందన్నది లేదు. 1948 జూనులో ఆయన ప్రకటించిన వ్యాసమున 16 మంది పిల్లల వృత్తాంతము గలదు. వారిలో 10 మందికి గుణము కనబడినది.

వారిలో ఒకడు రెండేండ్ల బాలుడు, కవలలలో నొకడు. వ్యాధిచే నడక పోయినది. మందు పడిన కొన్ని వారములకు రక్తస్రావము ఆగి, ఆకలి పుట్టి, మరల నడచెను. తోడబుట్టినవానితో సరిపోల్చదగినట్లు కోలుకొనెను. ఆ యింటివారు ఎంత పొంగిరో మనము ఊహింపవచ్చును. ఆ గుణము కొలది మాసములే నిలిచినది. వ్యాధి తిరుగబెట్టి బాలుడు మరణించెను. ఫార్బరుగారి వ్యాసమందే ఆ ఉపశమనములు తాత్కాలికములని స్పష్టముగ నున్నది. సుబ్బారావుగారు ఆ సంవత్సరము ఆగస్టులోనే, తన 53వ యేట, నిద్రలో కన్నుమూసిరి. ఆయనయు అంతకన్న ఎక్కువ చూడలేదు.

నేనా బసలో గోడవైపు తిరిగి ఆలోచించినది ఇది. ఆ బాలుడు నడచిన ఆ నాలుగడుగులు అబద్ధమా? తిరుగబెట్టినది గనుక ఆ తల్లి నవ్వు తప్పు లెక్కయా? అమినోప్టెరిన్ యొక్క తోడబుట్టిన మందే మెథోట్రెక్సేట్. 1956లో రాయ్ హెర్ట్స్, మిన్ చియు లీ యను వైద్యులు దానితో స్త్రీలకు గర్భసంబంధముగ వచ్చు ఒక భయంకరమైన కాన్సరు నయమగుటను ప్రకటించిరి. నేడు మంచి వసతులు గల దేశములలో అట్టి రక్తపు కాన్సరు వచ్చిన పిల్లలు పదుగురిలో ఎనమండుగురికి పైగ బ్రతుకుచున్నారు. నేను చెప్పునది ఆ తరువాతి విజయములను గురించి గాదు. 1948లో, ముందేమగునో యెవరికిని తెలియనప్పుడు, ఒక పిల్లవాడు అన్నము అడిగిననాడు ఆ గదిలో నున్నవారు సంతోషించిరే, దానిని గురించి. వచ్చిన కాయకు వారు పండుము చేసిరి.

మూడవ రాత్రి నా భార్య మూటవిప్పి పుల్లల కట్ట తీసినది. ఆమె దానిని తెచ్చినదని నాకు తెలియదు.

"ఇప్పుడు ఇవి యెందుకే?" అంటిని.

"గడ్డ సంగతి వైద్యులు చూచుకొందురు. సాయంకాలపు లెక్క మనది. నోరు తెరువుడు" అనినది.

ఆనాడు 14 పుల్లలు పట్టినవి. ఇంటివద్ద 13 దాటలేదు. ఆమె క్రిందికి పోయి రెండు అరటిపండ్లు కొని తెచ్చి, "పట్నములో మామిడి లేదు, ఇదే పండుము" అనినది. తింటిమి. మరునాడు ఫలితము వచ్చినది. వెనుక దంతము చీము పట్టుట వలన వాచిన గ్రంథియే గాని మరొకటి గాదని చెప్పిరి. దానిని విన్నప్పుడు గలిగిన సంతోషము పెద్దదే. కాని ముందునాటి రాత్రి ఆ బసలో తిన్న అరటిపండే నాకు ఎక్కువ జ్ఞాపకమున్నది.

ఫిట్జ్‌హ్యూ మలన్ అను అమెరికా వైద్యుడు, తానే కాన్సరు పాలై బయటపడిన తరువాత, 1985లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ఈ జీవితమును ఋతువులుగ విభజించి వ్రాసెను. చికిత్స నడచు ఋతువు ఒకటి; చికిత్స ముగిసి, వ్యాధి వచ్చునో రాదోయని ఎదురుచూచు ఋతువు రెండవది; నమ్మకము స్థిరపడు ఋతువు మూడవది. మధ్య ఋతువులో భయమే ప్రధానమనియు, ఆ కాలమున రోగిని ఆదుకొను ఏర్పాట్లు వైద్యలోకమున లేవనియు ఆయన అభిప్రాయము. నేనిప్పుడు ఆ రెండవ ఋతువు చివర నున్నాను. మన ఉద్యోగులలోను, వారి ఇండ్లలోను ఆ ఋతువులో నున్నవారు మరికొందరుందురు. వారికొరకు రెండు మాటలు తొందరగ చెప్పెదను.

పండుము చేసికొనుట యనగ పరీక్షకు పోకుండుట కాదు. పిలిచిన తేదీకి వెళ్లవలెను. సెలవు దొరకలేదని, బాగుగనే యున్నదని మానరాదు. మెడకు కిరణచికిత్స పొందినవారు థైరాయిడు పరీక్షను ఆరునెలలకో యేడాదికో చేయించుకొనవలెను. ఆ గ్రంథి మెల్లగ మందగించుట కలదు, వచ్చిన నీరసము దానివలననే కావచ్చును. దవడకు కిరణములు తగిలినవారు పన్ను పీకించుకొనుటకు ముందు తప్పక ఆ సంగతి దంతవైద్యునకు చెప్పవలెను. ఎముక మానక పుండు పడును. ఖైనీ, గుడాకు, జర్దా జోలికి మరల పోరాదు. సభలో కొందరి జేబులు నాకు కనబడుచున్నవి, పేర్లు చెప్పను.

ఇక తోటి ఉద్యోగులకు. తిరిగి పనిలో చేరినవానితో "నీకేమయ్యా, గుండ్రాయివలె నున్నావు" అనకుడు. వానికి ఎంత యున్నదో వానికి తెలియును. చూడనట్లు మొగము త్రిప్పుకొనకుడు. నాకు మేలుచేసిన పరామర్శ యొకటి చెప్పెదను. మా పై అధికారి యొకరు తనిఖీకి వచ్చి, లెక్కలన్నియు చూచి, పోవుచు, "నేడెన్ని పుల్లలు?" అని యడిగిరి. ఎవరు చెప్పిరో తెలియదు. పదహారంటిని. ఆయన దానిని తనిఖీ పుస్తకములో వ్రాయబోవుచున్నట్లు నటించిరి.

క్రోధి ఉగాది నిరుడు ఏప్రిలు 9న వచ్చినది. అప్పటికి ఉప్పు, పులుపు, కారము తెలియుచుండెను. తీపి సగము తెలియుచుండెను. చేదు మాత్రము రాలేదు. చేదు రాకున్న నష్టమేమి యని మీరనవచ్చును. కాకరకాయ పెట్టినను, మాత్ర చప్పరించినను నాకు ఒకటే. కాని ఒక రుచి లేనివాని నోరు ఒక గది మూసిన ఇల్లువంటిది. ఆనాడు నా భార్య పచ్చడి చేసి, సందేహించుచు, ఒక చెంచాతో తెచ్చినది. మొదట పులుపు తగిలినది. తరువాత బెల్లము. అంతలో నాలుక వెనుక భాగమున, ఎవరో తలుపు తట్టినట్లు, సన్నగ వేపపూవు తగిలినది. "చేదే" అంటిని. ఆమె నమ్మలేదు. మరియొక చెంచా పెట్టినది. "చేదేనే, నిజముగ చేదే" అని బిగ్గరగ అంటిని. వీధిలో పోవుచున్న తాత ఏమైనదోయని లోనికి వచ్చెను. ఆయనకును ఒక చెంచా పచ్చడి పెట్టిరి. ఆయన మొగము ముడుచుకొని, "సారు దీనికా ఇంత కేకలేసేది?" అనెను.

లాలాజలము నేటికిని పూర్తిగ రాలేదు. ఈ నీటిసీసా నా ప్రక్కన నుండుట మీరు చూచుచునే యున్నారు; ఇంతసేపు మాటలాడుటలో తొమ్మిది మారులు త్రాగితిని. పుల్లలు 17 దగ్గర నిలిచినవి. పదునెనిమిదవది దూరునో లేదో తెలియదు. రాబోవు ఏప్రిలులో రెండేండ్ల పరీక్షకు హైదరాబాదు పోవలెను. అది బాగుగ నున్నచో ఇకమీదట ఆరు మాసముల కొకమారు వచ్చిన చాలునని చెప్పియున్నారు. తాత గూడెములో మామిడి పండుము కూడ ఇంచుమించు ఆ దినములలోనే పడుచున్నది. ఏది ముందు వచ్చునో పూజారి యింకను దినము పెట్టలేదు. నేను హైదరాబాదు వెళ్లినప్పుడు పండుము వచ్చినచో నా ముక్కను ఆకులో చుట్టి అట్టిపెట్టెదనని తాత చెప్పియున్నాడు. అది ఎండిపోవును గదాయంటిని. ఎండినది కూడ మామిడే నట.